గీత మీదే

ఫిబ్రవరి 3, సోమవారం

స్టాండ్ 9 గోడకి ఇవాళ ఒక పెట్టె బిగించారు. చెప్పుల డబ్బా అంత ఉంది. దాని కింద మనిషి నిలువంత నల్ల బోర్డు. రాడార్ అట. విమానం ముక్కు ఎంత దూరంలో ఉందో సెంటీమీటర్లతో సహా కొలిచి బోర్డు మీద పైలట్‌కి చూపిస్తుందట. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి, ఇంకా పది మీటర్లు, ఇంకా ఐదు, ఆగు. ఇరవై ఆరేళ్ళుగా రెండు చేతుల్లో పైలట్‌కి సైగ చేసే రెండు బ్యాట్లు పట్టుకుని ఎండకీ వానకీ నిలబడి నేను చేస్తున్న పని అదే. దానికి జీతం అక్కర్లేదు, కాళ్ళు పీకవు.

పెట్టెతో పాటు ఒక ఇంజనీరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తలకి పెద్దదై మాటిమాటికీ కళ్ళ మీదకి జారుతోంది. పది నిమిషాల్లో మా బావమరిది ఆమెకి రాడారమ్మ అని పేరు పెట్టేశాడు. వీడు మా ఆవిడ తమ్ముడు, స్టాండ్ 9లోనే చాక్స్ వేస్తాడు. అంటే విమానం ఆగగానే చక్రాలకి ముందూ వెనకా రబ్బరు దిమ్మెలు పెట్టడం. పేర్లు పెట్టడం వాడికి రెండో ఉద్యోగం.

రాడారమ్మ నా పని ఏమిటో చెప్పింది. మూడు వారాలు నేను ఎప్పటిలాగే విమానాలు ఆపాలి. పెట్టె ఊరికే చూస్తూ రాసుకుంటుంది. బోర్డు వెలగదు. ఆగాక ముందు చక్రానికీ నేల మీది పసుపు గీతకీ ఎంత తేడా ఉందో నేను టేపుతో కొలిచి చెప్పాలి. ఎర్ర గీత దాటి లోపలికి రావడానికి ఆమె పాస్ పనికిరాదు కాబట్టి టేపు నాకిచ్చింది. మీరు గీత మీదే అన్న చోటే నా పెట్టెకి సున్నా మాస్టారూ, మీరే నా ట్రూత్ అంది.

ఆ మాట వినగానే నాకు దగ్గొచ్చింది.

ఫిబ్రవరి 4

ఎనిమిది విమానాలు. ఎనిమిదీ గీత మీదే.

ఫిబ్రవరి 6, గురువారం, సాయంత్రం

ఇక్కడైనా నిజం రాసుకోకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

ఎనిమిది విమానాలు గీత మీద ఆగిన మాట నిజమే. ఆపింది నేను కాదు. నాకు గీత కనిపించదు.

పోయిన వేసవిలో మొదలైంది. దేనివైపు తిన్నగా చూస్తే అది మాయం. చుట్టూ ఉన్నదంతా ఉంటుంది, నట్టనడుమ ఒక బూడిద మచ్చ. రెండు వీధుల అవతల ఉన్న కళ్ళ డాక్టరు దగ్గరకి ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. కంటి వెనక పొర నడుమ పాడవుతోందన్నాడు. అద్దాలు మారిస్తే పోదన్నాడు. ఉద్యోగం ఏమిటని అడిగాడు. గోడౌన్‌లో కూర్చునే పని అని అబద్ధం చెప్పాను. కంపెనీ మెడికల్‌లో చార్ట్ ఎలా చదివావని ఎవరైనా అడిగితే దానికీ జవాబుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే చార్ట్. కిందినుంచి పైకి కూడా అప్పజెప్పగలను.

బావమరిదికి ఒక్కడికే తెలుసు. ఒకరోజు చక్రం గీత దాటి మీటరు ముందుకి పోయింది. వాడు చాక్స్ పట్టుకుని నా దగ్గరకి వచ్చి, బావా, నిద్రపోతున్నావా అని అడిగాడు. అక్కడే చెప్పేశాను. వాడు మూడు రోజులు నాతో జోకులు వెయ్యలేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది. నాలుగో రోజు ఉపాయం వాడే చెప్పాడు. గీతకి సరిగ్గా పక్కన, దూరంగా, నా వైపు తిరిగి నిలబడతాడు. పసుపు జాకెట్ నాకు వెడల్పుగా, మసకగా కనిపిస్తుంది. చక్రం గీత తాకేముందు పక్కకి తిరుగుతాడు. వెడల్పు మచ్చ సన్నబడుతుంది. నేను బ్యాట్లు నెత్తిమీద అడ్డంగా కలుపుతాను. విమానం ఆగుతుంది.

ఎనిమిది నెలలుగా ఈ ఎయిర్‌పోర్ట్‌లో విమానాలు ఆపుతున్నది మా బావమరిది పొట్ట. బిర్యానీలు మానెయ్యరా అని మా ఆవిడ తిట్టినప్పుడల్లా, మానేస్తే బావ ఉద్యోగం పోతుందక్కా అనాలని వాడి నాలుక దురద పెడుతుందట.

ఫిబ్రవరి 10, సోమవారం

మధ్యాహ్నం రాడారమ్మ ల్యాప్‌టాప్ తిప్పి నాకు చూపించింది. నేను తల పక్కకి వాల్చి చూశాను, అలా అయితే కొంత దొరుకుతుంది. పెట్టెకి విమానం ఒక్కటే కాదు, మనుషులు కూడా కనిపిస్తారట. ఒక్కొక్కరూ ఒక్కో చుక్క. ఇది మీరు, ఇది చాక్స్ ఆయన అని వేలు పెట్టి చూపించింది. తర్వాత నవ్వుతూ అంది, ఒక తమాషా ఉంది మాస్టారూ, ప్రతిసారీ విమానం ఆగడానికి రెండు సెకన్ల ముందు ఈ చుక్క సగానికి సగం చిన్నదైపోతోంది, ఎందుకంటారు అని.

బావమరిది వెనకనుంచి వచ్చి, ఇంజిన్ వేడి మొహానికి కొడుతుంది మేడమ్, నాది సెన్సిటివ్ స్కిన్ అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 12

బావమరిది బస్సు దిగుతూ కాలు బెణికించుకున్నాడు. పన్నెండు రోజులు రెస్ట్. ఫోన్‌లో వాడు ఏడ్చినంత పని చేశాడు, కాలు నొప్పికి కాదు.

ఫిబ్రవరి 13, గురువారం, ఉదయం 6

సెలవు పెట్టాలి. పెడితే రాడారమ్మ టెస్ట్ ఆగుతుంది. ఎందుకు పెట్టావని అడుగుతారు. మెడికల్‌కి పంపిస్తారు. ఈసారి కొత్త చార్ట్ ఉంటే? పెట్టకుండా వెళ్తున్నాను. దీన్ని ధైర్యం అనరు.

అదే రోజు, సాయంత్రం

చాక్స్‌కి బ్యాగేజీ నుంచి ఒక పెద్దాయన్ని వేశారు. రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది. నిమ్మళమైన మనిషి. విమానం వెనకగా ఎక్కడో నిలబడతాడు. ఇవాళ వచ్చినవన్నీ పొట్టి విమానాలు, వాటితో ఇరవై ఆరేళ్ళ చెయ్యి అలవాటు నన్ను కొంత కాపాడింది. ఆగాక టేపు పట్టుకుని వంగాను. అంకెలు కనిపించలేదు. లేచి, గీత మీదే అన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం పూట పొడుగు విమానం వస్తోంది. దానికి వేరే గీత, అన్నిటికంటే ముందుది. స్టాండ్ 9లో దాని ఎడమ ఇంజిన్‌కీ పక్కన ముడుచుకుని ఉండే ఏరోబ్రిడ్జికీ, అదే ప్రయాణికులు నడిచి దిగే వంతెనకీ, మధ్య ఖాళీ ఒకటిన్నర మీటరే. అందుకే దాన్ని జాగ్రత్తగా ఆపాలని ర్యాంప్ మేనేజర్ పొద్దున్నే అందరికీ చెప్పాడు. మాస్టారున్నాడు కాబట్టి నాకు బెంగలేదు అని కూడా అన్నాడు.

పెద్దాయన జాకెట్ కోసం కళ్ళు చించుకుని చూశాను. ఎక్కడా లేదు. మనసులో లెక్కపెట్టి బ్యాట్లు కలిపాను.

గీత మీదే అన్నాను. పెద్దాయన నా పక్కకి వచ్చి, కొంచెం ముందుకి ఉన్నట్టుంది సార్ అని మెల్లిగా అన్నాడు. చాక్స్ వేసేవాడివి చాక్స్ వెయ్యి అని కసిరాను. ఆయన చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నా జన్మలో ఎవరినీ అలా అనలేదు.

ఫిబ్రవరి 15

గీత మీదే అన్నాను.

ఫిబ్రవరి 17

గీత మీదే అన్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

నాలుగోసారి. పొడుగు విమానానికి నాలుగు కొలతలు చాలట. పూర్తయ్యాయి.

ఫిబ్రవరి 19, బుధవారం

టీ బ్రేక్‌లో స్టాఫ్ రూమ్‌లోకి వెళ్తే రాడారమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ముందు బిస్కెట్ ప్యాకెట్ విప్పి ఉంది, ఒక్కటీ తినలేదు. ఏమైందని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

పొట్టి విమానాలతో పెట్టె బంగారంలా పనిచేస్తోందట. పొడుగుదానితోనే తప్పుతోందట. నాలుగుసార్లూ విమానం గీత మీదే ఆగింది కదా, పెట్టె మాత్రం ఒకసారి నలభై సెంటీమీటర్లు ముందుకుందనీ, ఒకసారి తొంభై అనీ, ఒకసారి అరవై అనీ, ఒకసారి ఎనభై అనీ చెబుతోందట. మూడు రోజులుగా సాఫ్ట్‌వేర్ అంతా విప్పి చూసిందట. వాళ్ళ బాస్ ఫోన్‌లో తిట్టాడట. ఇరవై నాలుగున ట్రయల్ పాస్ కాకపోతే పెట్టె సర్దుకుని రా, నీ సీటు కూడా సర్దుకో అన్నాడట.

నేను, స్టాండ్ డ్రాయింగ్‌లో గీత ఎక్కడుందో చూసుకోకూడదా అన్నాను. చూశాను మాస్టారూ, డ్రాయింగ్ కూడా నా పెట్టె వైపే చెబుతోంది, కానీ అది పాతది, గీతలు తర్వాత మళ్ళీ వేశారు, కాగితం చెప్పింది నమ్మాలా మీరు చెప్పింది నమ్మాలా అంది. నాలుగిటికీ సగటు తీసి అరవై ఎనిమిది ముందుకి జరిపి, అక్కడ సున్నా పెట్టేసిందట.

అంటే పొడుగు విమానం వచ్చిన ప్రతిసారీ బోర్డు దాన్ని అరవై ఎనిమిది సెంటీమీటర్లు గీత దాటించి ఆపుతుంది. నేను ఉన్నా, పోయినా. ఒకటిన్నర మీటరులో దాదాపు సగం నేను తినేశాను. నా కన్ను తీసి గోడకి బిగించారు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. టేపు నా జేబులోనే ఉంది. బిస్కెట్ తినమ్మా అని మాత్రం అన్నాను. తింది.

ఫిబ్రవరి 21

ఒళ్ళంతా అలసట. నిద్రపోయి లేచినా అదే అలసట.

ఫిబ్రవరి 22, శనివారం

మా ఆవిడ ఇంట్లో బట్టలు ఆల్టరేషన్ చేస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ పొద్దున కాఫీ తాగి ఆవిడకి ఆరు సూదుల్లో దారం ఎక్కించి డ్యూటీకి పోవడం నా అలవాటు. పోయిన వేసవి నుంచి తప్పించుకుంటున్నాను. టైమైంది, బస్సు పోతుంది, చెయ్యి తడిగా ఉంది. ఆవిడ ఏమీ అనడం మానేసింది. కోపమొచ్చిందనుకున్నాను.

ఇవాళ నా ముందు కూర్చుంది. పిన్‌కుషన్ చేతిలో పెట్టింది. తడిమి చూశాను, ఆరు సూదులకీ దారం ఎక్కించే ఉంది. ఎనిమిది నెలలుగా నేనే ఎక్కించుకుంటున్నాను అంది. మీరు నాతో మాట్లాడుతూ నా చెవి వైపు చూస్తున్నారు, మొదట్లో కమ్మలు బావున్నాయేమో అనుకున్నాను, తర్వాత కమ్మలు తీసేసి చూశాను, అయినా చెవే చూస్తున్నారు అంది.

నాకు ఏడుపొచ్చింది. చెవి వైపు చూస్తేనే నీ మొహం కనబడుతోందే అన్నాను. తర్వాత అన్నీ చెప్పాను. డాక్టరు సంగతి, తమ్ముడి పొట్ట సంగతి, టేపు, సున్నా. తమ్ముడి సంగతి విన్నప్పుడు నవ్వింది. సున్నా సంగతి విన్నాక నవ్వలేదు. ఆ పిల్లకి సోమవారం లోపల చెప్పమంది. చెప్పకపోతే తనే వచ్చి చెబుతానంది. ఉద్యోగం పోతుందే అన్నాను. పోనివ్వండి, మనుషులు పోవడం కంటే నయం కదా అంది.

ఫిబ్రవరి 24, సోమవారం, ఉదయం 7

ట్రయల్‌కి ముందు చెబుతాను. చెప్పే తీరతాను.

ఫిబ్రవరి 24, సాయంత్రం

చెప్పలేదు.

నేను వెళ్ళేసరికే రాడారమ్మ చుట్టూ కోట్లు వేసుకున్నవాళ్ళు పదిమంది. వాళ్ళ బాస్, మా మేనేజర్, ఎయిర్‌లైన్ వాళ్ళు. రెండుసార్లు దగ్గరకి పోయాను. రెండుసార్లూ ఆమె, ఒక్క నిమిషం మాస్టారూ అంది. మూడోసారి పోలేదు. ఇప్పుడు ఆమె మీద నెట్టెయ్యడం ఎందుకు, నోరు రానిది నాకే.

నన్ను ఎప్పటి చోటే నిలబెట్టారు, బ్యాట్లు కిందికి దించి. ఇవాళ ఆపేది బోర్డు. ఏదైనా తేడా అనిపిస్తే మాత్రం బ్యాట్లు కలపాలి, బోర్డు ఏం చెప్పినా పైలట్ నా మాటే వినాలి. అదీ రూలు. బోర్డు నా వెనకుంది, విమానం నా ముందుంది, రెండిటి మధ్యా కళ్ళు లేని నేను.

విమానం తిరిగి లోపలికి వచ్చింది. చప్పుడు ఛాతీలో తెలిసింది. అప్పుడు కుడి పక్క పసుపు మచ్చ కనిపించింది. వెడల్పుగా, పొట్టతో సహా. బావమరిది! ఇవాళే డ్యూటీలో చేరాడు. కాలికి కట్టుతో గీత పక్కన నిలబడ్డాడు. ఇవాళ వాడు తిరగనక్కర్లేదు, ఆపేది నేను కాదు కాబట్టి. అయినా మచ్చ సన్నబడింది. అలవాటు.

విమానం ఆగలేదు. వస్తూనే ఉంది.

బ్యాట్లు కలిపాను. ముక్కు కిందికి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

పెద్దాయన టేపు పట్టాడు. చక్రం గీత మీదే. బోర్డు ఇంకా అరవై ఎనిమిది సెంటీమీటర్లు రమ్మని చెబుతోందట. మేనేజర్ పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. కోటు వేసుకున్న ఒకాయన చప్పట్లు కొట్టాడు. రాడార్ కంటే ఈయన కన్ను నయం అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. నా భుజం మీద ఎన్ని చేతులు పడ్డాయో లెక్కలేదు.

రాడారమ్మ దూరంగా బోర్డు కింద నిలబడి ఉంది. హెల్మెట్ కళ్ళ మీదకి జారిపోయినా పైకి తోసుకోలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రేపు పది గంటలకి మీటింగ్. నాకు ప్రశంసాపత్రం ఇస్తారట. పెట్టెని ఎల్లుండి ఊడదీస్తారట. నా ఉద్యోగానికి ఇక ఢోకా లేదని మేనేజర్ ఫోన్ చేసి మరీ చెప్పాడు. సాయంత్రం బావమరిది వచ్చి కూర్చున్నాడు. బయటపడ్డాం బావా అన్నాడు. మా ఆవిడ వాడికి కాఫీ ఇచ్చింది, నాకు ఇవ్వలేదు. చివరికి వాడే, పాపం ఆ రాడారమ్మ అన్నాడు.

ఫిబ్రవరి 26, బుధవారం

మీటింగ్‌లో పత్రం చేతికిచ్చారు. గట్టిగా చదవమని మేనేజర్ సరదా పడ్డాడు. కాగితం నాకు తెల్లగా కనిపించింది. పక్కకి తిప్పాను, అంచుల్లో గీతలేవో ఉన్నాయి.

ఇది నేను చదవలేను అన్నాను. సిగ్గుపడుతున్నాననుకుని నవ్వారు. సిగ్గు కాదు, నాకు కనిపించదు, ఎనిమిది నెలలుగా కనిపించడం లేదు అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఇక ఆగలేదు నేను. పొడుగు విమానం నాలుగుసార్లూ గీత దాటిందనీ, పెట్టె చెప్పిన నలభై, తొంభై, అరవై, ఎనభై అక్షరాలా నిజమనీ, నేను టేపు చదవలేక సున్నా అన్నాననీ, ఆమె నా మాట నమ్మి తన పెట్టెని తప్పుపట్టిందనీ చెప్పాను. పెద్దాయన ఉన్న వైపు తిరిగి, ఆ రోజు నువ్వన్నదే నిజం, నన్ను క్షమించు అన్నాను.

మరి మొన్న ఎలా ఆపావు అని మేనేజర్ అడిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకంటే వయసులో చిన్నవాడే. అదృష్టం అన్నాను. బావమరిది లేవబోయాడు. వాడి కుర్చీ చప్పుడు విని వాడి కాలు తొక్కాను, కట్టున్న కాలు. కెవ్వుమని కూర్చున్నాడు.

రాడారమ్మ ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఉంది. ఆ చుక్క ఎప్పుడు చిన్నదవుతుందో అందులో ఉంది. ఆమెకి అర్థం కాకుండా ఉండదు. తర్వాత ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది. ఆ చుక్క సంగతి ఆమె ఎత్తలేదు. సున్నాని డ్రాయింగ్‌లో ఉన్న చోటికి మార్చి మళ్ళీ ట్రయల్ పెట్టమని మాత్రం అడిగింది.

బయటికొచ్చాక నా దగ్గరకి వచ్చింది. నాకు మూడు రోజులు నిద్ర లేదు మాస్టారూ అంది. తెలుసమ్మా అన్నాను. తిట్టి ఉంటే బావుండేది.

ఫిబ్రవరి 27

బ్యాట్లు స్టోర్‌లో ఇచ్చేశాను. ఎక్కడ సంతకం పెట్టాలో స్టోర్ అతను నా వేలు పట్టుకుని చూపించాడు.

మార్చి 4, మంగళవారం

మెడికల్ బోర్డు కాగితాలు వచ్చాయి. మా ఆవిడ చదివింది. అబద్ధం చెప్పినందుకు ఒక పేజీ, ఇరవై ఆరేళ్ళకి ఒక పేజీ. పెన్షన్ సంగతి తర్వాత తేలుస్తారట. ఇంట్లో మధ్యాహ్నాలు ఇంత పొడుగ్గా ఉంటాయని తెలియదు. మిషన్ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఈ డైరీ గీతలు కనిపించక స్కెచ్ పెన్‌తో రాస్తున్నాను, పేజీకి ఐదు వరసలు పడుతున్నాయి. ఇలా రాస్తే ఈ పుస్తకం నెలాఖరుకి అయిపోతుంది.

మార్చి 8

రాడారమ్మ ఫోన్ చేసింది. మంగళవారం మళ్ళీ ట్రయల్ అట. రమ్మంది. ఎందుకమ్మా అన్నాను. రండి మాస్టారూ అంది, అంతే.

మార్చి 11, మధ్యాహ్నం 2.20

టెర్మినల్ గోడ మలుపు తిరిగి బోర్డు మొహం కనిపించే చోట, అద్దం ఇవతల. పక్కన మా ఆవిడ. అవతల స్టాండ్ 9, పొడుగు విమానం.

బోర్డు మీద అంకెలు నా చెయ్యంత పొడుగున్నాయి, తల పక్కకి వాల్చితే దొరుకుతున్నాయి.

12. 8. 5. 3. 1.

ఆగు.

అన్నీ నేనే చదివాను. ఎవరూ పక్కకి తిరగలేదు.